తేనెటీగల పుస్తకంలో మూడో ముక్క

మొదటినుంచీ మనతో ఉన్నవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి కథ ఎక్కడుందో చెప్పకపోతే బాగుండదు. చిరిగిన లైబ్రరీ పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని అట్టలు వేసే మనిషి మన అట్టలమ్మ. ఆ పేరు లైబ్రరీవాళ్ళు పెడితే ఇంట్లోవాళ్ళు ఖాయం చేశారు. రెండేళ్ళ క్రితం మామగారు ఒక కాగితం ఆమె చేతికిచ్చి, కవరులో పెట్టి కూతురికి పోస్టు చెయ్యమన్నాడు. తొమ్మిదేళ్ళుగా మాటల్లేని కూతురికి ఆయన రాసిన మొదటి ఉత్తరం అది. అట్టలమ్మ దాన్ని పనిబల్ల మీద పెట్టింది. పక్కనే చిత్తుకాగితాల దొంతర ఉంది. పేజీలు కుట్టాక పుస్తకం వెన్ను గట్టిపడటానికి చిత్తుకాగితాన్ని పట్టీలుగా కోసి మైదా జిగురుతో అతికించడం బైండింగువాళ్ళ పద్ధతి. పైన అట్ట వచ్చేస్తుంది కాబట్టి ఆ పట్టీ మళ్ళీ ఎవరి కంటా పడదు. ఆ సాయంత్రం ఆమె నాలుగు పుస్తకాలకు పట్టీలు వేసింది. మర్నాడు ఉత్తరం ఎంత వెతికినా దొరకలేదు. మామగారు అడిగితే "పోస్టు చేసేశాను మామయ్యా" అనేసింది.

రెండు వారాలు తిరక్కుండానే ఆయన పోయాడు. బల్ల కింద మామగారు వాడే ఊదారంగు సిరా అంటిన చిన్న కాగితం మూల ఒకటి దొరికినప్పుడు గానీ ఉత్తరం ఏమైపోయిందో ఆమెకు తెలియలేదు. అప్పటికే ఆ నాలుగు పుస్తకాలూ ఎక్కడో దూరపు శాఖకు వెళ్ళిపోయాయి. పోయిన మనిషి రాత తవ్వి తీసి ఏం చేస్తామని మనసుకు సర్దిచెప్పుకుంది. నిజం చెప్పాలంటే భయపడింది. ఈ ఏడు ఆ శాఖ మూతపడి, దాని పుస్తకాలన్నీ సరస్సు పక్కనున్న ఒక చిన్న ఊళ్ళో మూడు కొట్లకు చేరాయని విన్న రోజు మాత్రం ఆమెకు అన్నం సయించలేదు. "సెలవులకు ఎక్కడికైనా వెళ్దామా?" అని భర్తను అడిగింది. చెల్లెల్ని కూడా పిలుద్దామన్నది ఆయనే. అలా ఆ ఉత్తరం ఎవరిదో, సంగతి ఎవరికి తెలియకూడదో ఆ ఆడపడుచే కారు నడుపుతుంటే, అట్టలమ్మ ఈ ఊరు చేరింది.

మూడు రోజుల్లో రెండు ముక్కలు దొరికాయి. మొదటి కొట్టులో వంటల పుస్తకం. రెండోది ఒకరితో ఒకరికి మాటల్లేని అన్నదమ్ములది, కొట్టు మధ్యలో తాడు కట్టుకుని చెరో సగం అమ్ముకుంటున్నారు. అక్కడ ఈత నేర్పే పుస్తకం. రెంటినీ కొని లాడ్జి స్నానాలగదిలో తలుపేసుకుని వెన్నులు విప్పింది. ఇంకా రెండు మిగిలాయి. ఆమె పాత పనిపుస్తకంలో రాసున్నదాని ప్రకారం అవి తేనెటీగల పెంపకం ఒకటి, నక్షత్రాల పుస్తకం ఒకటి.

నాలుగో రోజు పొద్దున్నే అట్టలమ్మ కారెక్కి కూర్చుంది. సంచిలో దూది, చిన్న పట్టకారు, కాగితం మడతలు నొక్కడానికి ఎముకతో చేసిన మడతకర్ర ఉన్నాయా లేదా అని మూడుసార్లు తడుముకుంది.

"ఏంటొదినా, పరీక్షకు వెళ్తున్నట్టున్నావు?" అంది ఆడపడుచు. ఇంట్లో అందరికీ ఆమె చిట్టి. డ్రైవింగు స్కూలు నడుపుతుంది. ఈ కారూ ఆ స్కూలుదే. రెండు వైపులా బ్రేకులుంటాయి, పక్క సీటువైపు ఒక అద్దం అదనంగా ఉంటుంది.

"పరీక్షేం లేదు. ఊరికే, మధ్యాహ్నానికి కొట్టు మూసేస్తారేమోనని."

"సెలవుల్లో జనం పడుకుంటారు. అన్నయ్యను చూడు, తెల్లారకముందే గాలం భుజాన వేసుకుని పోతాడు, ఒక్క చేపా తేడు, అయినా హాయిగా ఉన్నాడు. నువ్వేమో కొట్లమ్మట పడి తిరుగుతున్నావు. పోనీ చదువుతావా అంటే ఒక్క పేజీ తిప్పగా నేను చూడలేదు."

ముందు బండివాడు దారివ్వకుండా నడిరోడ్డు మీద ఆపుకుని ఎవరితోనో ముచ్చట్లాడుతున్నాడు. అట్టలమ్మకు ప్రాణం పోతోంది. "హారను కొట్టరాదూ" అంది.

"నేను కొట్టను. హారను చేతకానివాళ్ళ పని. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు మొదటి పాఠం అదే." చిట్టి స్టీరింగు మీద చేతులు పెట్టి ప్రశాంతంగా ఎదురుచూసింది. తర్వాత ఉన్నట్టుండి, "నాన్న ఒక్కసారి ఈ కారెక్కి ఉంటే ఒప్పుకునేవాడు నేను మంచి టీచర్నని. 'డ్రైవరు కూతురు నాకు లేదు' అన్నాడు, అన్న మాట మీదే పోయాడు. తొమ్మిదేళ్ళలో ఒక్క ముక్క రాయలేదు చూడు," అంది.

అట్టలమ్మ కిటికీలోంచి బయటకు చూసింది. ఇలాంటప్పుడు ఏమీ అనకుండా ఉండటం ఆమెకు రెండేళ్ళుగా బాగా అలవాటైంది. ఆ అలవాటు మీద ఆమెకే అసహ్యం పుట్టింది.

మూడో కొట్టు ఒకప్పుడు సెలూను. నడిపినాయనే ఇప్పుడు పుస్తకాలు అమ్ముతున్నాడు. చేతులు వణకడం మొదలయ్యాక కత్తెర పక్కన పెట్టేశాడట. తిరిగే కుర్చీలు మూడూ అలాగే ఉన్నాయి, ముందు గోడకూ వెనక గోడకూ నిలువెత్తు అద్దాలు కూడా. సీసాలు పెట్టే అరల్లో పుస్తకాలు వచ్చాయి, అంతే తేడా. గోడమీద కాగితం అంటించి ఉంది: 'పది పేజీలు ఇక్కడ కూర్చుని చదవనిదే పుస్తకం అమ్మబడదు.'

"నచ్చని పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి నన్ను తిట్టుకుంటారమ్మా. అందుకని," అన్నాడు సెలూను పెద్దాయన. అట్టలమ్మ తలవైపు చూసి, "చివర్లు చిట్లాయి. అంగుళం తీయించుకోండి," అన్నాడు. "మీరేం పుస్తకం కావాలన్నారు?"

"తేనెటీగలది. లేకపోతే నక్షత్రాలది."

పెద్దాయన ఆమెను ఒకసారి ఎగాదిగా చూశాడు. ఏదో అనబోయి మానుకున్నాడు. "తేనెటీగలది అమ్మను. వెనక పెరట్లో నాలుగు పెట్టెలున్నాయి నాకు. ఆ పుస్తకం చూసే పెంచుతున్నాను. కావాలంటే కూర్చుని చదువుకోండి," అంటూ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అట్టలమ్మకు ఇది అనుకోని అడ్డంకి. కొంటే లాడ్జికి తీసుకుపోయి తీరిగ్గా విప్పుకునేది. ఇక్కడే, ఇద్దరి ఎదుట, అది కూడా ఇన్ని అద్దాల మధ్య ఎలా? వెనక్కి పోదామా అనిపించింది. కానీ రెండో ముక్క చివరి మాట నిన్నటినుంచి ఆమెను కూర్చోనివ్వడం లేదు. వాక్యం సగంలో తెగిపోయింది. పట్టీలు పైనుంచి వరుసగా వేసింది కాబట్టి మిగతాది ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న ఈ పుస్తకం వెన్ను లోపల ఉంది.

"చదువుకుంటాను," అంది.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కాలితో మీట తొక్కి వెలుతురుకు సరిపడా ఎత్తి, పాత అలవాటు కొద్దీ మెడచుట్టూ తెల్లటి గుడ్డ కట్టాడు పెద్దాయన. "దుమ్ము పడుతుందమ్మా, పాత పుస్తకాలు కదా." ఆ గుడ్డ మోకాళ్ళ దాకా వచ్చింది. అట్టలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అడక్కుండా ఎవరో తెర కట్టిచ్చినట్టయింది.

చిట్టి పక్క కుర్చీలో ఇంజన్ల పుస్తకం తెరిచి కూర్చుంది. పెద్దాయన అరలు తుడుచుకుంటున్నాడు. అట్టలమ్మ గుడ్డ కింద పుస్తకాన్ని వెల్లకిలా విప్పింది. అలా విప్పితే వెన్నుకూ అట్టకూ మధ్య వేలు పట్టేంత సందు వస్తుంది. తను వేసిన అట్టే కాబట్టి ఎక్కడ పట్టు గట్టిగా ఉందో వేళ్ళకు తెలుసు. మడతకర్ర కొసకు తడిదూది చుట్టి సందులోకి పోనిచ్చింది. మైదా జిగురు కాస్త తడికే మెత్తబడుతుంది. ఎక్కువ తడి తగిలితే ఊదా సిరా అలికిపోతుంది. మొదటి ముక్కలో అలాగే ఒక వరుస పోయింది, ఆ వరుసలో మామగారు ఏం రాశాడో ఇక ఈ జన్మకు తెలియదు. అందుకే ఈసారి దూదిని పిండి పిండి పెట్టింది. అంకెలు లెక్కపెట్టుకుంది. యాభై. వంద. చెమట మెడ మీదినుంచి వీపు మీదికి జారింది.

కళ్ళు ఎదురుగా అద్దంలోకి పెట్టి, చదువుతున్నట్టు అప్పుడప్పుడూ తల ఊపింది. ఒళ్ళో ఉన్న పుస్తకం గుడ్డ కింద ఉంటే తల ఊపడమేమిటని ఆ కంగారులో ఆమెకు తట్టలేదు. పక్కనున్నది అద్దాల్లో చూస్తూ బతికే మనిషన్న సంగతీ తట్టలేదు.

పట్టీ కదిలింది. పట్టకారుతో కొస పట్టుకుని మెల్లగా లాగింది. వస్తోంది, చిరక్కుండా వస్తోంది.

అప్పుడే కుర్చీ గిర్రున తిరిగింది.

చిట్టి లేచి నిలబడి ఉంది. ఆమె కాలు కుర్చీ మీట మీద, బ్రేకు మీద పెట్టినట్టే ఉంది. "గుడ్డ తియ్యి వదినా."

"ఏంటే, ఊరికే..."

"పది నిమిషాల్నుంచి వెనక అద్దంలో నీ మోచేతులు చూస్తున్నాను. నువ్వు ఏ కొట్టుకెళ్ళినా పుస్తకం పేరు చదవవు, వీపు తడుముతావు. స్నానాలగదిలో గంట సేపు నీళ్ళ చప్పుడుండదు. పుస్తకాల్లో ఏం దాస్తున్నావు? అన్నయ్యకు తెలియకుండా ఏం చేస్తున్నావు?"

"నేను దాయట్లేదు. తీస్తున్నాను."

"ఏం తీస్తున్నావు?"

అట్టలమ్మ గుడ్డ ముడి విప్పుకుంది. అరచేతి మీద తడి పట్టీ ఉంది. జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు. మీద ఊదారంగు అక్షరాలు, ప్రతిదీ విడిగా, బల్ల మీద పెట్టి గీసినంత తిన్నగా.

బడిపంతులైన తండ్రి చేతిరాత కూతురు పోల్చుకోవడానికి ఎంతసేపు కావాలి? చిట్టి ముఖంలో రంగు మారింది. చెయ్యి చాపి, తాకకుండానే వెనక్కి తీసుకుంది.

"ఇది నాన్న రాత."

"నీకు రాసిందే. నాకిచ్చి పోస్టు చెయ్యమన్నాడు. చిత్తుకాగితాల్లో కలిసిపోయింది. చూసుకోకుండా కోసేశాను. నాలుగు పుస్తకాలకు నాలుగు ముక్కలు." ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆమెకు తెలుసు, అందుకే ఆగలేదు. "ఆయన అడిగితే పోస్టు చేశానని చెప్పాను. చెయ్యలేదు. అబద్ధమాడాను చిట్టీ."

అట్టలమ్మ సంచిలోంచి గట్టి అట్ట మధ్య పెట్టుకున్న రెండు ముక్కలు తీసి, కత్తెరలు పెట్టే పాత పలక మీద పరిచింది. మూడోదాన్ని వాటి కింద జాగ్రత్తగా ఆనించింది. వంగి చదివింది చిట్టి.

'చిట్టికి, నాన్న రాస్తున్నది. తొమ్మిదేళ్ళుగా రాయలేదు కనుక ఎలా మొదలుపెట్టాలో మరచిపోయాను. ఆరోగ్యం పరవాలేదు. మీ వదిన ఉప్పు తగ్గించింది, అదొక్కటే కష్టం...' ఇక్కడ ఒక వరుస అలికిపోయి ఉంది. '...మొన్న స్టేషను ఎదుట బెంచీ మీద కూర్చుని, నువ్వొక ముసలావిడకు కారు వెనక్కి నడపడం నేర్పుతుంటే చూశాను. ఏడుసార్లు గోడ దాకా పోనిచ్చింది. నువ్వు ఒక్కసారీ కసురుకోలేదు. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను గానీ నాకెన్నడూ అంత ఓపిక'

రెండో ముక్క అక్కడ తెగింది. కొత్త ముక్క అందుకుంది.

'లేదు. ఆనాడు అన్న మాట తప్పు. అది నీ ముఖం చూసి చెప్పాలని ఉంది. ఈ వచ్చే ఆదివారం పది గంటలకు గేటు దగ్గర నిలబడతాను. నీ కారు తీసుకుని రా, ఎక్కుతాను. ఒకవేళ నీకు రావాలని లేకపోతే'

అంతే. కింద కత్తెర గాటు.

అట్టలమ్మ రెండు చేతులతో పలక అంచు పట్టుకుంది. ఇన్నాళ్ళూ తను చేసింది ఒక ఉత్తరం పోగొట్టడమని అనుకుంది. కాదు, ఆ ఆదివారం తనకు బాగా గుర్తుంది.

"ఆ ఆదివారం నాన్న ఏం చేశాడు?" అడిగింది చిట్టి. గొంతు చాలా మామూలుగా ఉంది. దానికే భయం వేసింది అట్టలమ్మకు.

ఇక్కడొక అబద్ధం చెప్పొచ్చు. మరచిపోయాననొచ్చు, ఊళ్ళో లేననొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. మింగేసింది.

"ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బూట్లు తనే తుడుచుకున్నాడు. నడుంనొప్పికి ఒక చిన్న దిండు పెట్టుకునేవాడే, అది చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. 'దిండెందుకు మామయ్యా, ఎక్కడికి?' అని అడిగాను. 'ఎక్కడికీ లేదమ్మా' అన్నాడు. ఎండ ఎక్కింది. మంచినీళ్ళు ఇస్తే తాగాడు గానీ లోపలికి రాలేదు. ఏ కారు చప్పుడైనా తల తిప్పి చూసేవాడు. నాకు తెలియలేదు చిట్టీ. దిండు కారు సీటు కోసమని నాకు ఇప్పుడే తెలిసింది."

"ఎంతసేపు?"

"పన్నెండున్నర దాకా. మీ అన్నయ్య వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. 'సరే' అని లోపలికొచ్చి, దిండు మంచం మీద పెట్టి పడుకున్నాడు. తర్వాత తొమ్మిది రోజులకి..."

"చాలు."

చిట్టి కుర్చీలో కూర్చుంది. ఏడుస్తుందనుకుంది అట్టలమ్మ. ఏడవలేదు. అద్దంలో తన ముఖాన్నే చూసుకుంది. "రావాలని లేక రాలేదనుకుని పోయాడన్నమాట," అంది చివరికి. "నేనేమో తొమ్మిదేళ్ళు ఫోను మోగితే చాలు, ఆయనేనేమోనని చూసేదాన్ని. వదినా, నిన్ను ఏమనాలో నాకింకా తెలియట్లేదు. తర్వాత అంటాను. ముందు నాలుగో ముక్క ఎక్కడ? 'లేకపోతే' తర్వాత ఏమిటి? రాకపోతే ఏం చేస్తానన్నాడు?"

"నక్షత్రాల పుస్తకంలో." అట్టలమ్మ ఆశగా పెద్దాయన వైపు తిరిగింది.

ఆయన అప్పటికే తల అడ్డంగా ఊపుతున్నాడు. "ఇందాకే చెబుదామనుకున్నానమ్మా. అది పొద్దున్నే పోయింది. తాళం తీస్తుండగానే వచ్చాడొకాయన. మీలాగే ఆ పుస్తకమే అడిగి, వీపు తడిమాడు."

"పది పేజీలు చదివాడా?" అంది చిట్టి.

"చదవలేదు. కుర్చీలో కూర్చున్నాడు, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఏడ్చే మనిషికి ఏం రూలు చెబుతాను? తీసుకుపొమ్మన్నాను." పెద్దాయన కాస్త ఆలోచించాడు. "భుజాన గాలం ఉంది. కొత్తది. దారం చుట్టకు కట్టిన కాగితం కూడా తియ్యలేదు."

వదినా మరదళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అన్నయ్యకు నీ పనిపుస్తకం కనబడుతుందా?"

"బల్ల మీదే ఉంటుంది."

"ఆ రోజు నాన్న చెవిలో ఏం చెప్పాడు?"

"తెలియదు."

"రెండేళ్ళలో ఒక్కసారి అడగలేదా?"

"అడిగితే నా సంగతి చెప్పాల్సొస్తుందని అడగలేదు," అంది అట్టలమ్మ. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

చిట్టి తాళంచెవి తీసుకుని బయటకు నడిచింది. మూడు ముక్కలూ అట్ట మధ్య సర్దుకుని అట్టలమ్మ పరిగెత్తింది. "వెన్ను విప్పిన పుస్తకం ఇలాగే వదిలేస్తారా?" అన్న పెద్దాయన కేక వెనకనుంచి వినిపించింది. "వచ్చి అతికిస్తాను, నా మీద ఒట్టు," అని అరిచింది.

సరస్సు రెండు మలుపుల అవతల. కట్ట మీద బెంచీలు వరుసగా ఉన్నాయి. చివరి బెంచీ మీద అట్టలమ్మ భర్త ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. గాలం పక్కన గడ్డిలో పడి ఉంది. ఒళ్ళో నక్షత్రాల పుస్తకం తెరిచి ఉంది, అట్ట ఒకవైపు ఊడి వేలాడుతోంది. పని తెలియని చేతులు, చాకుతో చీల్చినట్టున్నాడు. కారు ఇంకా వంద గజాల దూరంలో ఉండగానే ఆయన లేచి నీళ్ళ అంచుకు నడిచాడు. కుడిచేతిలో సన్నటి కాగితం ముక్క. చదువుకున్నాడు. మడిచాడు. నీళ్ళ మీదికి చెయ్యి చాపాడు.

"చిట్టీ, పారేస్తున్నాడు!"

ఇన్నేళ్ళ డ్రైవింగులో ఎన్నడూ ఆ పని చెయ్యని చిట్టి, రెండు అరచేతులూ హారను మీద పెట్టి బలమంతా వేసి నొక్కింది. కట్ట మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. కారులో పక్కపక్కనే కూర్చున్న భార్యనూ చెల్లెల్నీ చూశాడు.

చూశాడు గానీ, చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.